ఆరోగ్య పాఠం: వారానికొకసారి సైకిల్ సవారీ – ఎవరికి, ఎంత, ఎలా?



"డాక్టరు గారూ, మా కాలనీలో కొందరు ప్రతి శనివారం తెల్లవారకముందే సైకిళ్ళ మీద బయలుదేరుతున్నారు. నన్నూ రమ్మంటున్నారు. నాకు షుగరు, బి.పి. రెండూ ఉన్నాయి. యాభై దాటాయి. వెళ్ళవచ్చా?"

ఇది ఓ.పి. గదిలో ఇప్పుడు తరచుగా వినిపించే ప్రశ్న. హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలలో సైకిల్ క్లబ్బులు వచ్చాయి. వారంలో ఒక రోజు, ఒక చోట, ఒక వేళకు కలుసుకుని అందరూ కలిసి తొక్కుతారు. పై ప్రశ్నకు మా జవాబు: మీలో చాలామంది వెళ్ళవచ్చు. అయితే కొన్ని సంగతులు ముందుగా తెలుసుకుని వెళ్ళాలి. ఈ పాఠంలో వాటినే నేర్చుకుందాం.

1. తాతగారి సైకిలు, మన సైకిలు

మన తాతల కాలంలో సైకిలు వ్యాయామ సాధనం కాదు. బడి పంతులుగారు, పోస్ట్‌మ్యాన్, పాలు పోసే అతను, మిల్లు కార్మికుడు అందరూ దాని మీదనే తిరిగారు. వ్యాయామం చేస్తున్నామన్న తలంపు వారికి లేదు, కాని వ్యాయామం జరిగిపోయేది.

దీని విలువను వైద్యశాస్త్రం 1953లో గుర్తించింది. జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు తన సహచరులతో కలిసి లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కుతూ దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా కనిపించింది. తపాలా శాఖలోనూ అంతే. కుర్చీలో కూర్చుని పని చేసే గుమాస్తాల కంటే, నడిచో సైకిలు తొక్కో ఉత్తరాలు పంచే పోస్ట్‌మ్యాన్లు మేలుగా ఉన్నారు. కదలికకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని చూపిన తొలి పెద్ద పరిశీలనలలో ఇది ఒకటి.

ఇక్కడ ఒక మాట గమనించండి. ఆ పోస్ట్‌మ్యాన్లు పని ఉన్న ప్రతిరోజూ తిరిగారు, వారానికి ఒక్కసారి కాదు. ఈ పాఠమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

2. క్లబ్బు సవారీ ఎలా జరుగుతుంది?

కలిసి తొక్కడం కొత్త సంగతి కాదు. ఇంగ్లాండులో 1878లోనే సైకిలు యాత్రికుల సంఘం ఏర్పడింది. ఇప్పుడు సైక్లింగ్ యూకే అనే పేరుతో నడుస్తున్నది అదే. సభ్యులు సెలవు రోజున గుంపుగా ఊరు దాటి వెళ్ళి రావడం అక్కడి క్లబ్బులలో ఆచారం. నేటి మన క్లబ్బుల పద్ధతి కూడా దాదాపు అదే.

మంచి క్లబ్బు ముందు రోజే నాలుగు సంగతులు చెబుతుంది: ఎక్కడ కలవాలి, ఎన్ని గంటలకు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత వేగం. ముందు దారి తెలిసిన నాయకుడు ఉంటాడు. అందరికంటే వెనుక మరొక అనుభవజ్ఞుడు ఉంటాడు. ఆయనను స్వీప్ అంటారు. ఎవరి టైరు పంక్చరైనా, ఎవరికి ఆయాసం వచ్చినా ఆగేది ఆయనే. మధ్య మధ్య కూడళ్ళలో ముందున్నవారు ఆగి, వెనుకవారు వచ్చేవరకు వేచి ఉంటారు. కొత్తవారికి గంటకు 12 నుండి 15 కిలోమీటర్ల వేగం, మొత్తం 10 నుండి 15 కిలోమీటర్ల దూరం చాలు.

ఆడవారు సంకోచించనక్కరలేదు. 1990ల తొలి సంవత్సరాలలో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. ఒంటరిగా అయితే నలుగురూ నవ్వుతారన్న భయం, గుంపుగా నేర్చుకున్నప్పుడు తగ్గిపోయింది. సమూహం చేసే మేలు ఇదే.

3. వారానికి ఒక్క రోజు చాలునా?

చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం, పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాలు మోస్తరు శ్రమ చేయాలి. కండరాలకు బలమిచ్చే పని కూడా కనీసం రెండు రోజులు ఉండాలి. శనివారం గంటన్నర తొక్కితే 90 నిమిషాలయింది. మిగిలిన 60 నిమిషాలు ఎక్కడ?

షుగరు ఉన్నవారికి మరొక కారణం ఉంది. శ్రమ చేసినప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను తేలికగా తీసుకుంటాయి. ఆ గుణం సవారీ ముగిసిన తరువాత కూడా ఒకటి రెండు రోజులు, ఒక్కొక్కసారి మూడు రోజుల వరకు నిలుస్తుంది. తరువాత తగ్గిపోతుంది. అంటే శనివారం సంపాదించిన లాభం సోమ, మంగళవారాలకు ఖర్చయిపోతుంది. అందుకే వ్యాయామాన్ని వారంలో కనీసం మూడు రోజులకు పంచుకోవాలని, వరుసగా రెండు రోజులకు మించి ఖాళీ వదలవద్దని వైద్యులు చెబుతారు.

అయితే క్లబ్బు దేనికి? మిగిలిన రోజులను నిలబెట్టడానికి. శనివారం మనకోసం నలుగురు ఎదురు చూస్తారని తెలిసినవాడు మంగళ, గురువారాలలో అరగంట అయినా తొక్కుతాడు లేదా నడుస్తాడు. లేకపోతే శనివారం ఆయాసపడతానని అతనికి తెలుసు. కాబట్టి ఇలా లెక్క వేసుకోండి: శనివారం గుంపుతో గంటన్నర, మంగళవారం అరగంట, గురువారం అరగంట. మొత్తం 150 నిమిషాలు. కూరగాయలకు, మందుల షాపుకు సైకిలు మీద వెళ్ళినా లెక్కలోకి వస్తుంది.

ఒక హెచ్చరిక. సైకిలు గుండెకు, ఊపిరితిత్తులకు, తొడ కండరాలకు మంచిది. శరీర బరువు సీటు మీద ఉంటుంది గనుక మోకాళ్ళ మీద భారం తక్కువ. కాని అదే కారణం చేత ఎముకలకు అది పెద్దగా బలమివ్వదు. కాబట్టి నడక, మెట్లెక్కడం, కొద్దిపాటి బరువులెత్తడం మానవద్దు. ముఖ్యంగా బహిష్టు ఆగిపోయిన స్త్రీలు దీన్ని గుర్తుంచుకోవాలి.

మరొకటి. సవారీ ముగిశాక అందరూ కలిసి టిఫిను చేయడం మామూలే. 65 కిలోల మనిషి గంటసేపు మోస్తరుగా తొక్కితే సుమారు 400 కేలరీలు ఖర్చవుతాయి. ఒక మసాలా దోసె, ఒక వడ తింటే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఇడ్లీ, సాంబారు తినండి. కబుర్లు మాత్రం కడుపునిండా చెప్పుకోండి.

4. ముందుగా ఎవరు వైద్యుని అడగాలి?

- గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, బైపాస్ అయినవారు.
- నడిచినప్పుడు ఛాతీలో నొప్పి, బరువు, లేదా మామూలు కంటే ఎక్కువ ఆయాసం వచ్చేవారు.
- విశ్రాంతిలో కూడా బి.పి. 180/110 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవారు. ముందు మందులతో తగ్గించుకోవాలి.
- షుగరు వల్ల కంటి వెనుక పొరలో రక్తస్రావం అయినవారు, పాదాలలో స్పర్శ తగ్గినవారు, పాదం మీద పుండు ఉన్నవారు.
- ఫిట్స్ వచ్చేవారు, తరచు కళ్ళు తిరిగేవారు.

వీరిలో చాలామందికి తగిన జాగ్రత్తలతో అనుమతి దొరుకుతుంది. అడగకుండా వెళ్ళడం మాత్రం తప్పు.

ఎంత వేగంగా తొక్కాలో తెలుసుకోవడానికి యంత్రం అవసరం లేదు. పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది మోస్తరు శ్రమ. రెండు మాటలకు ఒకసారి ఊపిరి కోసం ఆగుతున్నారంటే వేగం ఎక్కువైందని అర్థం. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మందులు వాడేవారి నాడి ఎంత శ్రమ చేసినా అంతగా పెరగదు. వారు నాడి లెక్కను నమ్ముకోకుండా ఈ మాటల పరీక్షనే పాటించాలి.

5. షుగరు ఉన్నవారికి ప్రత్యేక సూచనలు

ఇన్సులిను వేసుకునేవారికి, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వాడేవారికి శ్రమలో షుగరు బాగా పడిపోయే ప్రమాదం ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం చాలా తక్కువ.

- బయలుదేరే ముందు షుగరు చూసుకోండి. 90 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండో రెండు ఇడ్లీలో తిని, పెరిగిన తరువాతే ఎక్కండి.
- 250 దాటి, ఒంట్లో నలతగా కూడా ఉంటే ఆ రోజు మానుకోండి.
- జేబులో పంచదార పొట్లం లేదా గ్లూకోజు ఉంచుకోండి. వణుకు, చెమట, ఆకలి, తికమక కనిపిస్తే వెంటనే ఆగి, మూడు చెంచాల పంచదార తినండి. 15 నిమిషాలు ఆగి మళ్ళీ షుగరు చూసుకోండి. 70 కంటే తక్కువే ఉంటే మళ్ళీ తినండి.
- సవారీ ఉన్న రోజు రాత్రి కూడా షుగరు పడిపోవచ్చు. ఇంటివారికి ముందుగానే చెప్పి ఉంచండి. మందు మోతాదు మీరే మార్చుకోకండి, వైద్యుని అడగండి.
- మీకు షుగరు ఉందని గుంపులో కనీసం ఇద్దరికి చెప్పండి. ఇందులో సిగ్గు పడవలసింది ఏమీ లేదు. చెప్పకపోతే, మీ తికమకను వారు అలసట అనుకుంటారు.
- మెత్తని చెప్పులు కాక, మూసి ఉన్న బూట్లు, మేజోళ్ళు వేసుకోండి. ఇంటికి వచ్చాక అరికాళ్ళు చూసుకోండి.

6. సైకిలు, దారి

పెడలు పూర్తిగా కిందకు వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు మరీ కిందకు ఉంటే మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తుంది. చాలామంది "సైకిలు నాకు పడలేదు" అనడానికి కారణం ఈ సీటే. బయలుదేరే ముందు బ్రేకులు, గాలి, చెయిన్ చూసుకోండి.

హెల్మెట్ తప్పనిసరి. చీకటిలో ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం, లేత రంగు బట్టలు ఉండాలి. ఎడమ పక్కన, ఒకరి వెనుక ఒకరుగా, మధ్య కనీసం ఒక సైకిలు పొడవు ఎడం ఉంచి తొక్కండి. గుంత కనిపిస్తే ముందున్నవారు చేతితో చూపాలి. వేసవిలో ఎండ ముదరక ముందే తిరిగి రావాలి. నీళ్ళ సీసా లేకుండా బయలుదేరవద్దు.

వాహనాల భయం ఉన్నవారు వేరుగా ఉన్న దారులను ఎంచుకోవచ్చు. హైదరాబాదులో అవుటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. పైన సౌర ఫలకాల కప్పు ఉండడం వల్ల నీడ ఉంటుంది. అటువంటిది లేని ఊళ్ళలో, ఉదయం వేళ కాలేజీ మైదానం చుట్టూ తొక్కినా సరిపోతుంది.

ఛాతీలో నొప్పి లేదా బిగింపు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్ళు తిరగడం వస్తే వెంటనే ఆగండి. "ఇంకొంచెం దూరమేగా" అని తొక్కవద్దు, ఒంటరిగా ఇంటికి పంపించవద్దు. 108కి ఫోను చేయండి.

7. వెనుకబడినవారి సంగతి

ఒక ఉదాహరణ అనుకుందాం. యాభై నాలుగేళ్ళ గుమాస్తా ఒకాయన ఉన్నారు. షుగరు ఉంది. భార్య పోరు పెట్టగా పెట్టగా మొదటిసారి గుంపుతో వెళ్ళారు. ఫ్లైఓవరు దగ్గర ఆయాసపడి, దిగి, సైకిలు నడిపించుకుంటూ పైకి వచ్చారు. చూస్తే దారిలో ఎవరూ లేరు. అందరూ వెళ్ళిపోయారు. ఆయన నెమ్మదిగా ఇంటికి తిరిగి వచ్చి, సైకిలును గోడకు చేర్చారు. ఎవరైనా అడిగితే "టైము కుదరడం లేదు" అంటారు. అసలు కారణం భార్యకు కూడా చెప్పరు.

ఇదే సంగతి మరోవిధంగా జరిగిందనుకోండి. ఫ్లైఓవరు పైన స్వీప్ ఆయనతో పాటే దిగి నడిచాడు. కిందన మిగిలినవారు సీసాలు తీసి నీళ్ళు తాగుతూ ఎదురుచూశారు. ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి శనివారం ఆయన మళ్ళీ వెళతారు.

ఈ ఇద్దరికీ జబ్బు ఒకటే, వయసు ఒకటే, సైకిలు ఒకటే. తేడా అల్లా గుంపు ఆగిందా లేదా అన్నదే. కాబట్టి క్లబ్బులో చేరే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "నేను వెనుకబడితే మీరు ఆగుతారా?" ఆగుతామన్న చోటనే చేరండి. మీలో బలంగా తొక్కగలిగేవారు ఉంటే, నెలకు ఒక్కసారైనా స్వీప్‌గా వెనుక ఉండండి. ఒక రోగి వ్యాయామం కొనసాగడానికి, ఆగిపోవడానికి మధ్య ఉన్నది మీరే కావచ్చు.

జ్ఞాపకం ఉంచుకోండి

- వారానికొక సవారీ మంచి ఆరంభం, పూర్తి వ్యాయామం కాదు. మరి రెండు రోజులు కలపండి.
- వరుసగా రెండు రోజులకు మించి ఖాళీ వద్దు.
- మాట్లాడగలిగే వేగమే మీ వేగం.
- జేబులో పంచదార, తలకు హెల్మెట్, సీసాలో నీళ్ళు.

ఇంటిల్లిపాది కలిసి చర్చించడానికి

1. మా ఇంట్లో ఈ వారం ఎవరు ఎన్ని నిమిషాలు కదిలారు?
2. షుగరు పడిపోయినప్పుడు ఏమి చేయాలో మా పిల్లలకు తెలుసా?
3. అటక మీద, మెట్ల కింద పడి ఉన్న మా సైకిలుకు ఏమి మరమ్మతు కావాలి?

మూడవ ప్రశ్నకు జవాబు దొరికిన రోజే సైకిలును షాపుకు తీసుకువెళ్ళండి.