పని ముందు, దేశం తర్వాత

తిరుపతిలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. వినాయక చవితి పోయి దసరా వచ్చేలోపల మా ఇంటికి పిల్లలు ఫైళ్లు పట్టుకుని వస్తూనే ఉంటారు, విదేశంలో ఇంటర్న్‌షిప్‌కు సిఫార్సు ఉత్తరం కావాలని. ఇదివరకు ఇలా వచ్చేవాళ్లు అరుదు. 2015లో ఐఐటీ, ఐసర్ రెండూ తిరుపతికి వచ్చాయి. వాటిలో చదివే పిల్లలు ఎండాకాలం సెలవుల్లో జర్మనీకో జపాన్‌కో పోయి రావడం చూసి పుత్తూరు, పలమనేరు, పుంగనూరు పిల్లలకూ ఆశ పుట్టింది. పుట్టాల్సిందే. ఆ ఆశ పక్కదారి పట్టకూడదని, ఇన్నేళ్లలో చూసి తెలుసుకున్నవి కొన్ని రాస్తున్నాను.

1. దేశాన్ని వెతక్కు, పనిని వెతుక్కో.

"సార్, ఏ దేశానికి పోతే మంచిది?" పిల్లలు కూర్చోగానే అడిగే మొదటి ప్రశ్న ఇదే. "నీకు ఏ పని చెయ్యాలనుంది?" అని నేను అడుగుతాను. చాలామంది అక్కడే ఆగిపోతారు.

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి ఉంది. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉన్నది అక్కడే. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎంఎస్‌టీ రాడారు, 1024 యాగీ యాంటెన్నాలు, మన తలల మీద ఇరవై కిలోమీటర్ల ఎత్తులో కూడా గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంతో వీస్తోందో చెబుతాయి. ప్రపంచంలో ఇలాంటి రాడార్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. జపాన్‌లో క్యోటో విశ్వవిద్యాలయం వాళ్లు షిగరాకిలో 1984 నుంచి నడుపుతున్న ఎంయూ రాడారు ఒకటి. నార్వేలోని అండోయా దీవిలో జర్మన్లు పెట్టుకున్నది ఒకటి. పెరూలో ఇంకొకటి.

కార్వేటినగరం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి వానమబ్బులంటే ఇష్టం. ఎండాకాలం గాదంకి డేటాతో కుస్తీ పట్టింది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో గాలి దిశ ఎత్తును బట్టి ఎలా మారుతుందో ఒక్క గ్రాఫు గీసింది. మరుసటి ఏడు జర్మనీలో ఒక ప్రొఫెసరుకు ఉత్తరం రాసినప్పుడు ఆ గ్రాఫు జతచేసింది. ఆహ్వానం వచ్చింది. ఆ పిల్ల జర్మనీని ఎంచుకోలేదు. తన పనికి సరిపోయే మనిషిని వెతుక్కుంటూ పోతే ఆ మనిషి జర్మనీలో ఉన్నాడు, అంతే. ఈ వరస తిరగబడితే, అంటే దేశం ముందు ఖాయం చేసుకుని పని తర్వాత చూసుకుందామనుకుంటే, మధ్యలో దళారి దూరతాడు.

2. రెండు వందల మందికి ఒకే ఉత్తరం పంపవద్దు.

విదేశీ ప్రొఫెసర్లకు రోజూ ఇలాంటి ఉత్తరాలు కుప్పలుగా వస్తాయి. పై పేరు మాత్రం మార్చి కింద అంతా ఒకటే రాస్తే మొదటి వాక్యంలోనే పట్టేస్తారు. ఆయన రాసిన వ్యాసం ఒకటి తీసుకుని పూర్తిగా చదువు. అందులో నీకు నిజంగా అర్థం కానిది ఒకటి అడుగు. నువ్వు ఇప్పటిదాకా నీ చేతులతో చేసిన పని రెండు వాక్యాల్లో చెప్పు. ఏ నెల నుంచి ఏ నెల దాకా ఖాళీగా ఉంటావో, ఖర్చు ఏ స్కాలర్‌షిప్ మీద పెట్టుకోవాలనుకుంటున్నావో చెప్పు. ఇంతకుమించి అక్కర్లేదు. "గౌరవనీయులైన మహాశయా" అంటూ అర పేజీ పొగడ్తలు అసలే వద్దు. పదిరోజులు చూసి జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయి. అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాసుకో, బాధపడకు.

మే నెలలో పోవాలంటే పని ముందటేడు ఆగస్టులోనే మొదలవ్వాలి. కెనడా వాళ్ల మైటాక్స్ గ్లోబలింక్ పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్ ఇస్తుంది. దానికి సాధారణంగా సెప్టెంబరులోనే గడువు ముగుస్తుంది. జర్మనీ డాడ్ సంస్థ ఇచ్చే వైజ్ స్కాలర్‌షిప్‌కు నవంబరు మొదట్లో. సంక్రాంతికి ఊరికొచ్చినప్పుడు గుర్తొస్తే ఆ ఏడు పోయినట్టే.

సిఫార్సు ఉత్తరం సంగతీ ఇక్కడే చెబుతాను. రేపు గడువనగా ఈ రోజు రాత్రి ఫోన్ చేస్తే ఏ అయ్యవారూ మంచి ఉత్తరం రాయలేడు. రెండు వారాల ముందు నీ ల్యాబు నోటుబుక్కు తీసుకురా. అందులో కొట్టివేతలు ఉండనీ. నిన్ను గురించి నిజంగా రాయడానికి నాకు అవే పనికొస్తాయి.

3. నీ కాలేజీ పేరు జాబితాలో ఉందో లేదో ముందే చూసుకో.

వైజ్ లాంటి కొన్ని స్కాలర్‌షిప్‌లు ఎంపిక చేసిన సంస్థల పిల్లలకే. పల్లె ఇంజనీరింగ్ కాలేజీ పిల్ల నెలరోజులు కష్టపడి దరఖాస్తు నింపి, చివర్లో తన కాలేజీ లేదని తెలిసి ఏడిస్తే చూడలేం. తలుపులు వేరేవి ఉన్నాయి. జపాన్‌లో ఒకినావా సంస్థ, ఓయిస్ట్ అంటారు, తీసుకునే ఇంటర్న్‌లకు విమానం టికెట్టు, ఉండే చోటు, రోజు భత్యం ఇస్తుంది. ఫ్రాన్సులో రెండు నెలలు దాటిన ఇంటర్న్‌షిప్‌కు డబ్బు చెల్లించాలని చట్టమే ఉంది.

4. డబ్బు ఎటువైపు పోతోందో చూడు.

దీని మీద నాకు కోపం ఉంది, దాచుకోను. నిన్ను నిజంగా పనికి కావాలనుకున్నవాడు నీకు ఇస్తాడు. ఇవ్వలేకపోతే కనీసం నీ దగ్గర తీసుకోడు. "ఇంటర్న్‌షిప్ గ్యారంటీ, మూడు లక్షలు కట్టండి" అనే బోర్డు కింద కూర్చున్నవాడు అమ్ముతున్నది ఒక సర్టిఫికెట్టు. పాడిఆవుల మీద బతికే ఇల్లు ఆ మూడు లక్షలు ఎక్కడి నుంచి తేవాలి? బంగారం కుదువ పెడతారు, లేదంటే నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. ఇంటర్న్‌షిప్ కోసం వడ్డీకి అప్పు చెయ్యవద్దని నేను తల్లిదండ్రుల ముందరే చెబుతాను.

ఇంతకంటే ప్రమాదమైనవీ ఉన్నాయి. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన ఆంధ్ర కుర్రాళ్లను కంబోడియాకు తీసుకుపోయి, నిర్బంధించి, సైబర్ మోసాలు చేయించిన సంగతి 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. 2019 జనవరిలో అమెరికాలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం జరిగింది. అది అక్కడి ప్రభుత్వ అధికారులే వలగా పెట్టిన దొంగ యూనివర్సిటీ. క్లాసులు లేకుండా పని అనుమతి కోసం పేరు రాయించుకున్న 130 మందిని అరెస్టు చేస్తే అందులో 129 మంది భారతీయులు, వాళ్లలో మన తెలుగు పిల్లలు ఎందరో.

అందుకని మూడు చూడు. ఆహ్వానం ఆ సంస్థ సొంత మెయిలు నుంచి వచ్చిందా, జీమెయిలు నుంచా? వీసా ఏ రకం? టూరిస్టు వీసా మీద పోయి పని చెయ్యమంటే అక్కడికక్కడే వద్దను. ఉద్యోగానికి పంపుతాననే ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందా?

5. హోటలు పని నేర్చుకోబోయేవాళ్లకు.

తిరుపతిలో ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, రాష్ట్ర హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది. ఆ పిల్లలు అమెరికాకు జే-1 వీసా మీద పోతుంటారు. చదువుతున్నవాళ్లు, చదువు ముగించి ఏడాది దాటనివాళ్లు అర్హులు. గడువు ఎక్కువలో ఎక్కువ పన్నెండు నెలలు. పోయే ముందు డీఎస్-7002 అనే శిక్షణ ప్రణాళిక మీద నీ సంతకం తీసుకుంటారు. సంతకం పెట్టే ముందు ప్రతి గడీ చదువు. ఆరు నెలలు, అంతకు మించిన హోటలు శిక్షణలో కనీసం మూడు విభాగాలు తిప్పాలని అక్కడి నిబంధన. పన్నెండు నెలలూ పరుపులకు దుప్పట్లు మార్పించడం శిక్షణ కాదు. అలా జరిగితే వీసాకు పూచీపడిన స్పాన్సరు సంస్థకు రాసే హక్కు నీకుంది. వంటింట్లో చేరితే మాత్రం గిన్నెలు కడగడానికి సిగ్గుపడకు, అది వేరే విషయం.

6. పేరు ఒక్కటే ఉండాలి.

మన జిల్లాలకు ఇది ప్రత్యేకమైన చిక్కు. తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ముందు. నగరి, సత్యవేడు, కుప్పం వైపు అరవ పద్ధతిలో నాయన పేరే ఇనీషియల్. పదో తరగతి మార్కుల జాబితాలో "కె. మునిరత్నం", ఆధార్‌లో "మునిరత్నం కె", పాస్‌పోర్టులో ఇనీషియల్ విడదీసి ఇంకొకటి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే, పాస్‌పోర్టులో ఉన్న పేరు అమెరికా వీసాలో ఇంటిపేరు కిందికి పోతుంది, అసలు పేరు ఉండాల్సిన చోట "ఎఫ్ఎన్‌యూ", అంటే పేరు తెలియదు అని అచ్చవుతుంది. పాస్‌పోర్టు సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది కాబట్టి రెండో సంవత్సరంలోనే పోయి ఇది సరిచేసుకో. ఆహ్వానం చేతికొచ్చాక మొదలుపెడితే వీసా తేదీ, పాస్‌పోర్టు తేదీ ఒకదాన్నొకటి తరుముతాయి.

7. ఆడపిల్లను పంపడానికి నాయనకు కావలసింది ధైర్యవచనం కాదు, అడ్రసు.

పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదివే ఒక అమ్మాయి కోసం పలమనేరు దగ్గర వాళ్ల ఊరికి పోయాను. ఆమె నాయన పట్టుపురుగుల రైతు. నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి అడిగాడు: "సార్, రేత్రిపూట ఆ బిడ్డ యాడుంటాది? ఒంట్లో బాగాలేకపోతే ఎవురు చూస్తారు?" ఆయన చదువుకు అడ్డం పడుతున్నాడని బంధువులు అనుకుంటున్నారు. ఆయన అడిగినవి రెండూ సరైన ప్రశ్నలు. వాటికి జవాబు దొరకనంతవరకు ఆ పిల్ల పోకూడదనే నేనూ అంటాను.

అమ్మాయి తనను పిలిచిన ప్రొఫెసరుకు మెయిలు పెట్టింది. హాస్టలు అడ్రసు, ల్యాబుకు ఎంత దూరం, రాత్రి బస్సు ఎన్నింటిదాకా, ఆరోగ్య బీమా ఎవరిది, ఆ ల్యాబులో పనిచేసే ఇంకో ఇద్దరి ఫోన్ నంబర్లు, అన్నీ తెప్పించింది. తెలుగులో ఒక కాగితం మీద రాసి నాయనకు ఇచ్చింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "ఎప్పుడు పోవల్ల?" అన్నాడు. ఆడపిల్లకే కాదు, మగపిల్లవాడికీ ఈ కాగితం ఉండాలి. మగపిల్లల తల్లిదండ్రులు అడగరు కాబట్టి వాళ్లు రాయరు, అదే తేడా.

వ్యవసాయ విద్యార్థులకు ఇంకొక్క మాట. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌లోని అలూమిమ్ కిబ్బుట్జ్‌లో, సరిహద్దు దాటి వచ్చి చేసిన దాడిలో పదిమంది నేపాలీ వ్యవసాయ విద్యార్థులు చనిపోయారు. చదువుతూ సంపాదించుకోవచ్చని పోయిన పిల్లలు వాళ్లు. పోయే ఊరు సరిహద్దుకు ఎంత దూరమో మ్యాపులో చూడు. దిగిన వారంలోనే మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకో.

8. తల ఊపవద్దు, నోరు తెరువు.

మన పిల్లలు చురుకైనవాళ్లు, పనిమంతులు. విదేశంలో వెనకబడేది ఒక్కచోటే: అర్థం కాకపోయినా తల ఊపుతారు. అయ్యవారికి ఎదురు మాట్లాడకూడదని పెరిగాం. అక్కడ మాట్లాడనివాడికి ఏమీ తెలియదనుకుంటారు. అర్థం కానప్పుడు అదే రోజు అడగాలి, మూడు వారాల తర్వాత కాదు. ప్రొఫెసరును పేరు పెట్టి పిలవమంటే మొదట్లో నోరు రాదు. అయినా పిలువు.

చిత్తూరు పక్కన కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో కేంబ్రిడ్జి పోయారు, సెయింట్ జాన్స్ కాలేజీకి. తెల్లవాళ్లు మనల్ని ఏలుతున్న రోజులవి. ఆ రోజుల్లో ఆయన కేంబ్రిడ్జి యూనియన్ చర్చల్లో లేచి నిలబడి మాట్లాడి, దానికి ఉపాధ్యక్షుడుగా ఎన్నికయ్యారు. తర్వాత 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. కట్టమంచి పేరు కాలేజీ గోడల మీద చదవడమే కాదు, ల్యాబు మీటింగులో చెయ్యి ఎత్తబోయి ఆగిపోయినప్పుడు కూడా గుర్తు తెచ్చుకోవాలి.

9. మొదటి నెల డబ్బు చేతిలో ఉండాలి.

స్టైపెండు పని మొదలైన నెలకు గాని రాదు. గది అడ్వాన్సు, బస్సు పాసు, గిన్నె, దుప్పటి మాత్రం మొదటి రోజే కొనాలి. చారు, పప్పు, ఒక కూర చెయ్యడం వచ్చి ఉండాలి. రాగిపిండి, ఇంగువ, చారుపొడి తీసుకుపోవచ్చు. యూరప్ పోయేవాళ్లు అమ్మ ఇచ్చిన నెయ్యి సీసా ఇంట్లోనే పెట్టి పోండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం సామానులో తేవడానికి అక్కడ ఒప్పుకోరు.

10. పోలేనివాళ్లకు.

ఇంట్లో పరిస్థితి బాగాలేక ఆగిపోయిన పిల్లలు నా దగ్గర తల దించుకుని కూర్చుంటారు. ఎందుకు దించాలి? గాదంకి ఇక్కడే ఉంది. 2022 నుంచి శ్రీహరికోట కూడా తిరుపతి జిల్లాలోదే. మన దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏటా ఎండాకాలం రెండు నెలల ఫెలోషిప్ ఇస్తాయి, దేశంలోని పెద్ద ల్యాబుల్లో. మంచి మనిషి దగ్గర ఇక్కడ చేసిన రెండు నెలల పని, విదేశంలో ఎవరూ పట్టించుకోని మూలలో గడిపిన ఆరు నెలలకంటే మేలని ఎంతోమందిని చూసి చెబుతున్నాను.

11. తిరిగొచ్చాక.

వారంలోపల అక్కడివాళ్లకు కృతజ్ఞతగా ఒక ఉత్తరం రాయి. చేసిన పని మీద రిపోర్టు పూర్తిచేసి పంపు, సగంలో వదిలిన ప్రోగ్రాము ఉంటే సరిచేసి అప్పగించు. ఆ తర్వాత నువ్వు రాసిన మొదటి ఉత్తరం, జవాబు రాని ఉత్తరాలతో సహా, వీసా కాగితాల వరస, నెలవారీ ఖర్చు లెక్క, అన్నీ ఒక ఫైల్లో పెట్టి నీ డిపార్ట్‌మెంటులో ఇవ్వు. నీ వెనక వచ్చే పుంగనూరు పిల్లకు దళారి దగ్గరికి పోయే అవసరం రాకుండా, ఆ ఫైలు లైబ్రరీలో ఎవరడిగినా చూపించేలా హెచ్ఓడీతో మాట్లాడి ఏర్పాటు చేయి.