ఖరీదైన మదర్‌బోర్డుతో కంప్యూటర్ వేగం పెరుగుతుందా?

కొత్త కంప్యూటర్ కొనేవారిని తికమక పెట్టే భాగం మదర్‌బోర్డు. ఒకే ప్రాసెసర్‌కు సరిపడే బోర్డులు ఏడెనిమిది వేల రూపాయలకూ దొరుకుతాయి, యాభై వేలు దాటినవీ ఉంటాయి. మరి ఆ ధరకు తగ్గట్టు వేగం పెరుగుతుందా? దాదాపుగా పెరగదు.

ఒకప్పుడు మెమరీని నియంత్రించే భాగం బోర్డు మీద విడి చిప్‌లో ఉండేది. బోర్డు మారితే వేగమూ కొంత మారేది. డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఆ భాగాన్ని ఏఎండీ 2003లో, ఇంటెల్ 2008లో ప్రాసెసర్ లోపలికే చేర్చాయి. గ్రాఫిక్స్ కార్డు కూడా ఇప్పుడు నేరుగా ప్రాసెసర్‌తోనే మాట్లాడుతుంది. కాబట్టి మిగతా భాగాలు ఒకటే అయితే, మామూలు వాడకంలో బోర్డుల మధ్య వేగం తేడా స్వల్పం. కాకపోతే, ప్రాసెసర్ అడిగినంత కరెంటును బోర్డు ఇవ్వగలగాలి.

అసలు తేడా కరెంటు దగ్గరే

పవర్ సప్లయ్ నుంచి బోర్డుకు వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కు కావలసింది సుమారు 1.2 వోల్టులు. ఆ వోల్టేజీ వద్ద 120 వాట్లు అందించాలంటే 100 ఆంపియర్ల కరెంటు పారాలి. ఇంట్లో 2 కిలోవాట్ల గీజర్ తీసుకునేది 9 ఆంపియర్ల లోపే!

ఈ భారాన్ని సాకెట్ పక్కనుండే వోల్టేజ్ రెగ్యులేటర్‌లోని ‘ఫేజ్‌లు’ పంచుకుంటాయి. పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక్కో ఫేజ్ నిరోధం 4 మిల్లీఓమ్‌లు అనుకుందాం. 4 ఫేజ్‌లుంటే ఒక్కోదానిలో 25 ఆంపియర్లు పారతాయి, మొత్తం 10 వాట్లు వేడిగా పోతాయి. 8 ఫేజ్‌లుంటే 5 వాట్లు, 16 ఉంటే 2.5 వాట్లు. స్విచింగ్ నష్టాలు దీనికి అదనం. అంటే మొదటి రెట్టింపుతో 5 వాట్లు ఆదా అయితే, రెండో రెట్టింపుతో ఆదా అయ్యేది అందులో సగమే. ధర మాత్రం పెరుగుతూనే పోతుంది.

మరీ చౌక బోర్డుతోనూ చిక్కుంది. రెగ్యులేటర్ హద్దు మీరి వేడెక్కితే, దాన్ని కాపాడేందుకు ప్రాసెసర్ వేగం తగ్గిపోతుంది. వేడికి కెపాసిటర్ల ఆయుష్షూ తగ్గుతుంది. ఎండాకాలంలో గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరే మన ఊళ్లలో ఇది తేలిగ్గా తీసుకోదగ్గ విషయం కాదు.

కొనేముందు చూడాల్సినవి

ప్రాసెసర్ కనీస వాట్లను కాదు, గరిష్ఠ వాట్లను చూడాలి. ఉదాహరణకు ఇంటెల్ కోర్ ఐ7-12700 మూల విద్యుత్ వినియోగం 65 వాట్లు, గరిష్ఠం 180 వాట్లు. ఎక్కువ వాట్లు తీసుకునే ప్రాసెసర్‌కు రెగ్యులేటర్ మీద హీట్‌సింక్ ఉన్న బోర్డే మేలు.

ఆ తర్వాత అవసరాలు లెక్కేసుకోవాలి. ఎన్ని ఎస్‌ఎస్‌డీలు పెడతారు? వైఫై కావాలా? ఓవర్‌క్లాకింగ్ చేస్తారా? రంగురంగుల దీపాలు వేగాన్ని పెంచవు.

చదువుకో, ఆఫీసు పనికో కొనే కంప్యూటర్‌కు నిక్కచ్చిగా కరెంటు అందించే మధ్యశ్రేణి బోర్డు చాలు. మిగిలిన డబ్బును మెమరీకో, ఎస్‌ఎస్‌డీకో, గ్రాఫిక్స్ కార్డుకో మళ్లిస్తే తేడా కంటికే కనబడుతుంది.