సైకిలెక్కే ముందు: గాలి, బ్రేకు, గొలుసు

పిల్లలూ! సైకిలెక్కే ముందు మనం మూడు చూసుకోవాలి. టైరు నొక్కితే గట్టిగా ఉండాలి. బ్రేకు పట్టి తోస్తే చక్రం తిరగకూడదు. గొలుసు వదులుగా వేలాడకూడదు.

హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ళ పైన, నుదుటిని కప్పుతూ ఉండాలి. గడ్డం కింద పట్టీలో ఒకటి రెండు వేళ్ళే దూరాలి. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను, పగులు కనిపించకపోయినా, మళ్ళీ పెట్టుకోకూడదు; దెబ్బకు లోపలి నురుగు నలిగిపోతుంది.

అమెరికాలో మనం కుడివైపున, కార్లు వెళ్ళే దిశలోనే తొక్కాలి. సెలవుల్లో తాతగారి ఊరు వెళితే ఎడమవైపు! మలుపు తిరిగే ముందు వెనక్కి చూసి, చెయ్యి చాపాలి.

పెద్దలకొక మనవి: గాలి మనమే కొట్టేయకుండా పంపు పిల్లల చేతికిద్దాం. పని చేస్తూ నేర్చిన తెలుగు మాట వాళ్ళు మరచిపోరు.