గృహశుద్ధి - దానశుద్ధి

వేసవి సెలవులు ముగిసి, జూన్ రెండవ వారమున బడులు తెరచునాటికి శృంగవరపుకోటలోని ఇండ్లలో సందడి సద్దుమణుగును. అమ్మమ్మగారింటికి వచ్చిన పిల్లలు తమ ఊళ్లకు తరలిపోవుదురు. ఆవకాయ జాడీలకు వాసెనలు కట్టుట పూర్తియగును. మృగశిర కార్తె ప్రవేశించి, అనంతగిరి కొండలపై మబ్బులు కమ్ముకొనును. అప్పుడు గృహిణి ఇల్లంతయు ఒకసారి కలయజూచును. అటకపై నిరుటి పుస్తకములు, ట్రంకుపెట్టెలో పిల్లలకు పొట్టియైన దుస్తులు, మూలన ఏండ్ల తరబడి విప్పని మూటలు, మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు! వాన చెమ్మ పట్టకముందే వీనిని సర్దవలెను. ఇది ఇంటిచాకిరిలో ఒక భాగముగా మాత్రమే తోచును గాని, ఆలోచించినచో గృహస్థధర్మమునకు సంబంధించిన పాఠమొకటి ఇందులో ఇమిడియున్నది.

పతంజలి మహర్షి నియమములను చెప్పుచు శౌచమును మొదట పేర్కొనెను. యమములలో అపరిగ్రహమును చేర్చెను. శౌచమనగా శుభ్రత. అపరిగ్రహమనగా అవసరమునకు మించి కూడబెట్టకుండుట. ఇవి రెండును వేరువేరుగా కనిపించినను, ఇల్లు సర్దువేళ ఒక్కటే యగును. వస్తువులు పోగుపడిన చోట చీపురు ఆడదు. చీపురు ఆడని చోట చెదలు, బొద్దింకలు చేరును.

ఆలయములలో ఈ శుద్ధి ఎట్లు జరుగునో చూడుడు. తిరుమలలో ఉగాది, ఆణివార ఆస్థానము, బ్రహ్మోత్సవములు, వైకుంఠ ఏకాదశి అను నాలుగు పర్వములకు ముందు మంగళవారమున కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగును. మూలమూర్తిని వస్త్రముతో కప్పి, గోడలను, పైకప్పును, పూజాసామగ్రిని కడిగి శుద్ధిచేయుదురు. పిమ్మట నామకోపు, శ్రీచూర్ణము, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డకర్పూరము, కిచిలిగడ్డ మొదలగువానితో కూర్చిన పరిమళ జలమును ఆలయమంతటను ప్రోక్షింతురు. తరువాతనే వస్త్రము తొలగించి స్వామికి నైవేద్యము సమర్పింతురు.

వీనిలో ఆణివార ఆస్థానము జులై నెల మధ్యలో వచ్చును. 1843 నుండి 1933 వరకు మహంతులు దేవస్థానమును నిర్వహించిన కాలమున, ఆలయపు వార్షిక లెక్కలు ఆనాటి నుండియే ప్రారంభమగుచుండెడివి. శుద్ధి ముందు, లెక్క తరువాత! ఇల్లు సర్దుటలోని రహస్యమును ఈ క్రమము తెలుపుచున్నది. మన ఇంట ఏమున్నది, దానిలో మనకు అక్కరకు వచ్చునది ఎంత అని నిజాయితీగా లెక్కచూచుకొనుటయే సర్దుట. ఒక గదిలోని వస్తువును మరియొక గదిలోనికి మార్చుట సర్దుట కాదు.

కావున ఒక్కరోజులో ఇల్లంతయు తలక్రిందులు చేయక, దినమునకు ఒక గదిని గాని, ఒక పెట్టెను గాని తీసికొనవలెను. అందలి వస్తువులన్నిటిని వెలుపలికి తెచ్చి, ఖాళీయైన చోటును ముందు శుభ్రపరచి, ఎండ కాసిన పూట బట్టలను, పుస్తకములను ఆరబెట్టవలెను. గడచిన ఏడాదిలో వాడినవి, రాబోవు ఏడాదిలో తప్పక వాడునవి మాత్రమే లోనికి పోవలెను. పెద్దల జ్ఞాపకములైన వస్తువులను వారిని అడుగక కదలింపరాదు. పిల్లల వస్తువులను పిల్లల చేతనే ఎంపిక చేయించినచో వారికి చిన్ననాటనే త్యాగబుద్ధి అలవడును.

మిగిలినవానిని ఏమి చేయవలెను? భాగవతము సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మమును బోధించుచు, కడుపునకు చాలినంత వరకే మానవునకు స్వత్వమనియు, అంతకు మించినదానిని తనదనుకొనువాడు దొంగయే యనియు హెచ్చరించెను. ఈ దృష్టితో చూచినచో అటకపైనున్న అదనపు కంబళి మనది కాదు, వానాకాలపు చలికి వణకువానిది. దానిని మూటలో దాచియుంచుట అతని సొత్తును ఆపియుంచుటయే యగును.

శృంగవరపుకోట వారికి చిరపరిచితమైన సింహాచల క్షేత్రమున దీనికి చక్కని దృష్టాంతము కలదు. అక్షయతృతీయకు ముందు వరాహనృసింహస్వామి శ్రీమూర్తిపైనున్న చందనమును ఒలిచి, ఆనాడు భక్తులకు నిజరూపదర్శనము కలిగింతురు. ఒలిచిన చందనము వ్యర్థము కాదు, భక్తులకు ప్రసాదమగును. పేరుకొన్నది తొలగినప్పుడే నిజరూపము కనబడును. తొలగించినది భక్తితో పంచినప్పుడే ప్రసాదమగును.

అయితే ఇచ్చట గృహస్థులు సాధారణముగా పొరబడు విషయమొకటి ఉన్నది. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు సర్వస్వమును దానమిచ్చు యాగము చేయుచు, పాలు వట్టిపోయి, ఇక నీరైనను త్రాగలేని, గడ్డియైనను మేయలేని ఆవులను దక్షిణగా ఇచ్చెను. బాలుడైన నచికేతుడు అది చూచి కలతచెందెను. ఆనందము లేని లోకములకే అట్టి దాత పోవునని తలచి, తన్ను ఎవరికి ఇత్తువని తండ్రిని అడిగెను. పనికిరాని వస్తువును వదలించుకొనుటకు దానమని పేరు పెట్టరాదని ఈ కథ బోధించుచున్నది.

చినిగిన చొక్కాను పేదవాని చేతిలో పెట్టుట అతనిని చెత్తబుట్టగా ఎంచుటయే. ఇచ్చు చొక్కాను ఉతికి, ఊడిన బొత్తాములు కుట్టి, మడతపెట్టి ఇవ్వవలెను. ఇచ్చు పుస్తకమునకు అట్టవేసి ఇవ్వవలెను. పాఠ్యప్రణాళిక మారిన పుస్తకమును విద్యార్థికి అంటగట్టక పాతకాగితముల వర్తకునకు అమ్మవలెను. ఇచ్చుటకు తగని గుడ్డ ఇంట మసిగుడ్డ కావచ్చును. మన బిడ్డకు తొడుగుటకు సంకోచింపనిదే పరుల బిడ్డకు ఈయదగినది. పుచ్చుకొనువారు బడికి పోవు పిల్లలైనచో, తోటిపిల్లల యెదుట ఈయక వారి తల్లిదండ్రులకు అందజేయుట మర్యాద.

ఈ విధముగా సర్దిన ఇంటిలో గాలి ఆడును, వెలుతురు పారును, దీపము పెట్టుటకు చోటు దొరకును. వానలు మొదలైన మొదటి రాత్రి ఆ కంబళి అటకపై మూటలో గాక ఒక నిరుపేద భుజములపై ఉన్నచో, ఆ ఇంటివారు చేసిన శుద్ధి పరిపూర్ణమైనట్లే.