ముందు సీటు ఖాళీ అయినప్పుడు

దీపావళి సెలవుల్లో మా పిన్ని కొడుకు కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట ఆడుతుంటే నేనూ పక్కన కూర్చున్నాను. అందులో పాతకాలపు బ్రిటిష్ శిక్షణ విమానం ఒకటి ఉంది. దాని పేరు, దాన్ని చేసిన కంపెనీ అన్నీ కల్పితమే. నేను మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ రన్‌వే దాటి గడ్డిలోకే పోయాను. "అక్కా, ఎదురుగా కనిపించదు, పక్కనుంచి చూడు" అన్నాడు వాడు. ఎదురుగా కనిపించని బండిని ఎవరైనా తయారు చేస్తారా అని నవ్వాను. తర్వాత చదివితే, అలాంటి విమానం నిజంగానే ఉందని తెలిసింది.

దాని పేరు టైగర్ మాత్. ఇంగ్లండ్‌లోని డి హావిలాండ్ కంపెనీ చేసింది. 1931లో మొదటిసారి ఎగిరింది. పైన ఒక వరస, కింద ఒక వరస రెక్కలు. రెక్కలకి చెక్క చట్రం, దాని మీద బట్ట. ఎక్కువ విమానాల్లో 130 హార్స్‌పవర్ ఇంజను ఉండేది. ముందున్న పంకాని చేత్తో తిప్పితేనే స్టార్ట్ అవుతుంది. బ్రేకులు లేవు. నేల మీద ఉన్నంతసేపు తోక కిందికి, ముక్కు పైకి ఉంటుంది. అందుకే పైలట్ పాములా అటూ ఇటూ వంకర్లు తిప్పుతూ, పక్కనుంచి దారి చూసుకుంటూ వెళ్ళాలి. నేను గడ్డిలోకి ఎందుకు పోయానో అప్పుడు అర్థమైంది!

ఇది మనకి మరీ దూరపు సంగతి కూడా కాదు. మన దెగ్లూర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ఆ రాష్ట్రపు బేగంపేట విమానాశ్రయంలో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, కొత్త పైలట్లు టైగర్ మాత్ మీదే మొదటి పాఠాలు నేర్చుకున్నారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది సీట్ల సంగతి. ముందు సీట్లో గురువు, వెనక సీట్లో శిష్యుడు. ఇంజను హోరులో మాటలు ఒక గొట్టం గుండా చెవికి చేరతాయి. ఒకరోజు గురువు దిగిపోయి "ఇక నువ్వే వెళ్ళు" అంటాడు. శిష్యుడు ముందుకి మారక్కర్లేదు, మొదటిరోజు నుంచి కూర్చున్న వెనక సీట్లోనే ఉంటాడు. ముందు సీటు విమానం బరువుకి మధ్యభాగం దగ్గర్లో ఉంటుంది కాబట్టి, అది ఖాళీ అయినా తూకం పెద్దగా మారదు. అంటే గురువు దిగిపోయే రోజుని ముందే లెక్కలో పెట్టుకుని ఆ విమానాన్ని కట్టారన్నమాట.

దీనికి అక్కలాంటి జిప్సీ మాత్‌ని 1936లో సరళా ఠక్రాల్ చీర కట్టుకుని ఒంటరిగా నడిపారు. అప్పుడు ఆమెకి 21 ఏళ్ళు, అంటే నాకన్నా రెండేళ్ళే పెద్ద. పైలట్ లైసెన్సు తెచ్చుకున్న తొలితరం భారతీయ మహిళల్లో ఆమె ఒకరు.

వచ్చే వారం సెమినార్‌లో నేను కాగితం చూడకుండా తెలుగులో మాట్లాడాలి. మా ఇంట్లో సగం మాటలు మరాఠీయే. ఇన్నాళ్ళూ నేను ఆగిపోయిన చోటల్లా మేడమ్ మాట అందించేవారు. ఈసారి చివరి బెంచీలో కూర్చుంటానన్నారు. భయంగానే ఉంది. కానీ నా సీటు మాత్రం మారలేదు కదా!