ప్రశ్నలు – జవాబులు: పాత బండికి సొంత ఇంజనా, తెచ్చిన ఇంజనా?

ప్రశ్న: అయ్యా, మా నాయనగారు 1978లో కొన్న పెట్రోలు అంబాసిడర్ కారు యానాంలో మా ఇంట నేటికిని నడుచుచున్నది. కొంతకాలముగా పొగ విడుచుచున్నది, ఆయిలు త్రాగుచున్నది, ఎదురులంక వంతెన ఎక్కునప్పుడు ఆయాసపడుచున్నది. కాకినాడలోని మేస్త్రీ, "దీన్ని దింపేద్దాం బాబూ, ఇసుజు డీజిలు పెట్టిస్తాను, మళ్ళీ చూసుకోనక్కర్లేదు" అనుచున్నాడు. మా మేనమామగారు మాత్రము కంపెనీ ఇంజనును కదల్చవద్దని పట్టుబట్టుచున్నారు. మేము దేనికి సిద్ధపడవలెను?
— ఒక పాఠకుడు, యానాం

జవాబు: ఇద్దరును ఇంజను విప్పి చూడకమునుపే తీర్పు చెప్పినవారే. పైకి కనబడు పొగను బట్టి సిలిండరు బ్లాకునకు మరణశాసనము వ్రాయు మేస్త్రీలకును, కంపెనీది కంపెనీదే యను ఒక్క మాటతో సర్వమును సమర్థించు పెద్దలకును మన గోదావరి తీరమున ఎన్నడును కొదువ లేదు. నా మతమున మీ మేనమామగారి పక్షమే మేలైనది. కాని దానిని నెగ్గించవలసినవి కొలతలు, అభిమానము కాదు.

మొదట పొగ రంగు చూడుడు. నల్లని పొగయైనచో కార్బురేటరులో పెట్రోలు మోతాదు మించినదనియే అర్థము. అందులకు ఇంజను దింప నక్కరలేదు. బండి వేడెక్కిన తరువాత కూడ తెల్లని పొగ ఆగక వచ్చుచు, రేడియేటరు మూత తీసినప్పుడు బుడగలు కనబడుచు, ఆయిలు కొలపుల్లకు పాలు కలిసిన టీ వంటి జిగురు అంటుచున్నచో హెడ్డు గాస్కెట్టు పోయినదని గాని, హెడ్డు పగిలినదని గాని గ్రహింపవలెను. నీలి పొగయే ఆయిలు కాలుటకు గుర్తు. అందునను, ఏక్సిలరేటరు వదలి మరల త్రొక్కినప్పుడు మాత్రమే గుప్పుమన్నచో దోషము వాల్వు గైడులలోనిదగును, బరువు లాగుచున్నంతసేపును విడువక వచ్చినచో పిస్టను రింగులలోనిదగును. పిమ్మట కంప్రెషను చూపించుడు. ఒక సిలిండరులో తక్కువ వచ్చినచో ప్లగ్గు రంధ్రమున రవంత ఆయిలు పోసి మరల చూడుమనుడు. ఒత్తిడి పెరిగినచో అరుగుదల బోరులోను రింగులలోను ఉన్నది. పెరుగకున్నచో వాల్వులు సరిగా మూతపడుట లేదు. పూటలో ముగియు ఈ పరీక్ష చేయకయే ఇంజను మార్చుదమనువాడు ఎంత పనివాడైనను వాని మాటను నేను పట్టించుకొనను.

హెడ్డు విప్పిన తరువాత మీరు స్వయముగా దగ్గర నిలువుడు. సిలిండరు పైఅంచునకు కొంచెము దిగువను బొటనవ్రేలి గోటిని నిలువుగా జార్చి చూచినచో, రింగు తిరుగు మేర అరిగి, దానికి పైనున్న భాగము అరుగక నిలిచిన చోట గోరు తట్టుకొనును. ఆ మెట్టు ఎంత లోతైన బోరు అంత అరిగినదన్నమాట. లేతు షాపులోని బోరు గేజి దానిని అంకెలలో చెప్పును. మీ ఇంజను బ్రిటిషువారి బీ సిరీస్ వంశమునకు చెందినది. 1489 సీసీ, బోరు 73 మిల్లీమీటర్లకు ఒక వెంట్రుకవాసి ఎక్కువ, స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లు, క్రాంకును మోయునవి మూడు మెయిను బేరింగులు. ఒకనాటి ఎం.జి.ఏ. స్పోర్టు కారును పరుగెత్తించినదియు ఈ కుటుంబమే. ట్వంటీ, ఫార్టీ అని మేస్త్రీలు చెప్పునవి అంగుళములో వెయ్యవ వంతుల లెక్కలు. ఆ మేరకు రీబోరు చేసి లావు పిస్టన్లు వేయవచ్చును. ఇదివరకే ఆ సైజులన్నియు అయిపోయి యున్నచో స్లీవులు దిగగొట్టి మరల మొదటి సైజునకు తేవచ్చును. క్రాంకును గ్రైండు చేసి అండరుసైజు బేరింగులు వేయవచ్చును. కావున మీ బ్లాకు పగులక, క్రాంకు వంగక యున్నంతవఱకు ఈ ఇంజను పోయినదనుట సాహసము.

యానాంలో విశేషించి చూడవలసినది మఱియొకటి గలదు. ఏటిముఖమున ఉన్న ఊరు మనది. గాలి ఉప్పు, చాల బావుల నీరును ఉప్పు. ఆ నీటినే యేండ్లతరబడి రేడియేటరులో పోసినవారి బండ్లలో, బ్లాకునకు బిగించిన రేకు వెల్చ్ ప్లగ్గులు లోపలినుండి తుప్పుపట్టి చిల్లులు పడును. నాలుగవ సిలిండరు వెనుక మడ్డి పేరుకొని నీరు తిరుగక ఇంజను ఉడుకును. మీరు చెప్పిన ఆయాసములో సగము దీనివలననే కావచ్చును. ఇంజను దింపించినప్పుడు వెల్చ్ ప్లగ్గులన్నియు మార్పించి, నీటి దారులను కడిగించి, ఇకమీద శుద్ధజలమును కూలెంటును మాత్రమే పోయుడు.

రీబోరుతోపాటు తప్పక చేయింపవలసిన పని, ఎగ్జాస్టు వాల్వులకు గట్టి సీట్లు వేయించుట. ఆ ఇంజను రూపొందిన కాలమున పెట్రోలులో సీసము ఉండెడిది. అది వాల్వు సీటునకు కవచమువలె పనిచేసెడిది. మన దేశమంతట 2000 సంవత్సరము ఫిబ్రవరి నుండి సీసము లేని పెట్రోలే వచ్చుచున్నందున మెత్తని సీట్లు అరిగి వాల్వులు లోనికి దిగును. ఇప్పటి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళ వఱకు ఇథనాలు కూడ కలియుచున్నది గనుక పాత రబ్బరు పైపులును, పెట్రోలు పంపు డయాఫ్రమును, కార్బురేటరు గాస్కెట్లును దానికి తాళునవి వేయింపుడు. బండి నిలిచి యుండు దినములలో టాంకీ అడుగున నీరు చేరకుండ చూచుకొనుడు.

ఇక డీజిలు ఇంజను మాట. ఇసుజు మంచి ఇంజనే. హిందుస్థాన్ మోటార్సువారు తామే అంబాసిడరుకు ఇసుజు పెట్రోలు, డీజిలు ఇంజన్లు రెంటిని అమర్చి అమ్మిరి. కాని కంపెనీ బిగించునప్పుడు గేరుబాక్సు, మౌంటింగులు, రేడియేటరు అన్నియు ఆ ఇంజనునకు తగినట్లు కుదిర్చినది. షెడ్డులో వెల్డింగుతో బిగించినప్పుడు బెల్ హౌసింగు కలియదు, ప్రొపెల్లరు షాఫ్టు పొడవు చాలదు లేదా మిగులును, బరువు ముందుకు పెరిగి టార్షన్ బార్లపై ముక్కు క్రుంగును. ఆపవలసిన బ్రేకులు మాత్రము ఆ పాత డ్రమ్ములే. ఇంజను ఒక్కటి మార్చెదమని మొదలు పెట్టినవాడు తుదకు సగము బండిని మార్పించుకొనుట నేను పలుమారు చూచితిని. అంతకన్న ముఖ్యము, ఆ మార్పిడికి ఒకప్పుడున్న లాభము నేడు లేదు. డీజిలు ధర పెట్రోలు ధరకన్న ఎంతో తక్కువగా ఉన్న దినములలో టాక్సీవారు టెంపో ఇంజన్లును, ఇసుజు ఇంజన్లును వెదకి వేయించుకొనిరన్న అర్థమున్నది. 2010లో పెట్రోలు ధరకును, 2014 అక్టోబరులో డీజిలు ధరకును ప్రభుత్వపు కట్టుబాటు తొలగిన తరువాత ఆ వ్యత్యాసము చాలవఱకు కరగిపోయినది. అందునను తాళ్ళరేవువారు సరిహద్దు దాటి వచ్చి నింపుకొనిపోవు చవుక పెట్రోలు మీ ఊరి బంకులోనే దొరకుచుండగా, డీజిలుకై ఇంత తిప్పలు పడుట యేల?

కాగితముల సంగతియు వినుడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని వివరములు కంపెనీ నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్పరాదు. ఆ మాటనే 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పినది. ఇంజను మార్చినను రవాణాశాఖవారి అనుమతి పొంది, పదునాలుగు దినములలో తెలియజేసి, పత్రములో ఎక్కించుకొనవలెను. అట్లు చేయనిచో ప్రమాదము జరిగిననాడు ఇన్సూరెన్సువారు ఇంజను నంబరునే మొదట చూతురు. మఱియు మీ కారు 2028లో యాబదియేండ్లు పూర్తిచేసికొనును. 2021 నాటి నియమముల ప్రకారము యాబదియేండ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులలో మార్పు లేక మూలరూపమున నిలిచిన కారును వింటేజి వాహనముగా నమోదు చేయించవచ్చును. పరాయి ఇంజను వేసిన దినముననే ఆ అర్హత పోవును. సొంత ఇంజనును సొంత కొలతలలో బాగుచేయించుట మార్పు క్రిందకు రాదనియే నా తలంపు. అయితే వింటేజిగా నమోదైన బండిని నిత్యము కాకినాడకు త్రిప్పుటకు వీలులేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు వంటి పనులకు మాత్రమే బయటికి తీయవలెను. కావున ఆ ముచ్చట మీకున్నదో లేదో మీరే తేల్చుకొనుడు.

విప్పిన తరువాత బ్లాకు నిజముగా పగిలియున్నదని తేలినచో అంబాసిడరుదే మఱియొక 1489 సీసీ పెట్రోలు ఇంజను వెదకుడు. అది మీ గేరుబాక్సునకు సరిగా కూర్చుండును. 2014 మే నెలలో ఉత్తరపారాలో తయారీ నిలిచినను విడిభాగములు నేటికిని దొరకుచునే యున్నవి. నవ్వు వచ్చు సంగతి యేమనగా, 1954లో ఫ్రెంచివారు యానాం విడిచిపోయిరి గాని, 2017లో అంబాసిడర్ అను పేరును 80 కోట్ల రూపాయలకు కొన్నది ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థయే. మీ ఇంటి ముందరి కారు పేరునకు ఆ యేట యజమానులైనది మరల ఫ్రెంచివారే!

ప్రశ్న: అయ్యా, 2022 జూలై గోదావరి వరదలలో మా 2006 నాటి మారుతి 800 బానెట్టు వఱకు మునిగినది. నీరు తీసిన మరునాడు మా అబ్బాయి సెల్ఫు కొట్టగా ఒక్క శబ్దము చేసి ఆగిపోయి, నాటినుండి షెడ్డులోనే పడియున్నది. మూల ఇంజనునే బాగుచేయించుమని ఒకరు, పాత ఇంజను తెచ్చి వేయుమని ఒకరు చెప్పుచున్నారు.
— ఒక ఉపాధ్యాయిని, యానాం

జవాబు: అమ్మా, పై పాఠకునికి చెప్పినదానికి విరుద్ధముగా మీకు చెప్పుచున్నానని ఆశ్చర్యపడకుడు: మీరు ఇంజను మార్పించుటయే మంచిది. గాలి నొక్కిన నొక్కుకొనును గాని నీరు నొక్కుకొనదు. సిలిండరులో నీరుండగా సెల్ఫు కొట్టినచో పిస్టను పైకి పోజాలక కనెక్టింగు రాడ్డు వంగును, ఒక్కొక్కప్పుడు విరిగి బ్లాకునే చీల్చును. మునిగిన బండి యేదైనను ప్లగ్గులు విప్పి, నీరు చిమ్మించి, ఆయిలు మార్చిన పిమ్మటనే త్రిప్పవలెను. మీది అన్నాళ్ళుగా ఆ తడితోనే పడియున్నందున బోర్లు తుప్పుపట్టి యుండును. రాడ్లు, పిస్టన్లు, క్రాంకు పని, రీబోరు అన్నియు కలిపిన ఖర్చు, నడుచుచున్న మఱియొక 796 సీసీ ఇంజను ధరను మించిపోవుట సహజము. 1983 డిసెంబరు మొదలు 2014 వఱకు ఈ కార్లు లక్షలకొలది రోడ్డెక్కినవి గనుక ఇంజన్లకు కరవు లేదు.

కొనునప్పుడు మీ బండివలెనే ఎంపీఎఫ్ఐ రకమునే తీసికొనుడు. కార్బురేటరు కాలపు ఇంజను తెచ్చినచో వైరింగు కుదురదు. ఏ బండినుండి దింపినదో ఆ బండి పత్రము నకలును, అమ్మినవాని రసీదును లేనిదే పైకము ఇవ్వకుడు. దొంగబండి ఇంజనైనచో కొన్నవారికిని కేసు తప్పదు. ఇంజను బయట ఉండగనే టైమింగు బెల్టు, నీళ్ళ పంపు, వెనుక ఆయిలు సీలు, క్లచ్చి ప్లేటు మార్పించుడు. లోపల బిగించిన తరువాత అదే పనికి మరల దింపుడు కూలి చెల్లింపవలసివచ్చును. వరదలో మునిగిన కంట్రోలు యూనిట్టును ముందుగా పరీక్షింపించుట మరువకుడు. మీ కారునకు పదునైదేండ్ల రిజిస్ట్రేషను గడువు 2021లోనే తీరినది. పొడిగింపు ఒక్కొక్కసారి అయిదేండ్లకే, 2022 ఏప్రిలులో కారునకు ఆ ఫీజును అయిదు వేల రూపాయలు చేసిరి. ఫిట్నెసు వచ్చునట్లు బాడీ అడుగు గట్టిగా ఉన్నదో లేదో చూపించి, ఆ తరువాతనే ఇంజను బేరమునకు పొండు. అడుగు రేకు తుప్పుతో రాలుచున్నచో ఏ ఇంజనును కొనకుడు.

ప్రశ్న: రీబోరు చేయించిన బండిని మొదట నెమ్మదిగా నడపవలెనందురు. ఎంత నెమ్మదిగా?
— ఒక టాక్సీ యజమాని, తాళ్ళరేవు

జవాబు: చాలమంది అనుకొనునంత నెమ్మదిగా కాదు. ఒకే వేగమున గంటలకొలది ఈడ్చుట రింగులకు మంచిది గాదు. వేగము పెంచుచు తగ్గించుచు, బరువు వేయక, ఇంజనును గింజుకొననీయక నడపవలెను. మొదటి కొన్ని వందల కిలోమీటర్లకు సాధారణపు మినరల్ ఆయిలే పోసి, అయిదు వందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట ఫిల్టరుతో సహా మార్చివేయుడు. ఆ తీసిన ఆయిలులో మెరయు రజను రింగులు కుదురుకొనునప్పుడు పుట్టినది. అంబాసిడరు వంటి పాత ఇంజనైనచో చల్లారిన తరువాత హెడ్డు బోల్టులను కంపెనీ చెప్పిన వరుసలో మరల బిగించి, వెంటనే వాల్వు సందులు సరిచూడవలెను. హెడ్డు కొంచెము దిగినప్పుడు ఆ సందులును మారును.