పొయ్యి సెగ తగిలితే ఆగిపోతున్న హీటింగ్

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. హాల్లో థర్మోస్టాట్ 70 డిగ్రీలు చూపిస్తున్నా, పై గదిలో అమ్మానాన్నలు చలికి వణుకుతున్నారు. సాయంత్రం వంట మొదలుపెడితే హీటింగ్ ఆగిపోతుంది. ఫర్నేస్ మార్చాలా?

జవాబు: అప్పుడే ఫర్నేస్ జోలికి వెళ్లకండమ్మా. థర్మోస్టాట్‌కు తన చుట్టూ ఉన్న గాలి సంగతే తెలుస్తుంది. పొయ్యి సెగ తగలగానే ఇల్లంతా వెచ్చబడిందనుకుని ఫర్నేస్‌ను ఆపేస్తుంది. ఎండ పడే గోడ, పక్కనున్న టీవీ, వేడిగాలి వెంట్ చేసేదీ ఇదే. వీధి తలుపు దగ్గరుంటే ఇందుకు పూర్తిగా వ్యతిరేకం, ఇల్లు ఉడికిపోతున్నా ఫర్నేస్ ఆగదు.

థర్మోస్టాట్ పక్కన ఒకటి, పై గదిలో ఒకటి థర్మామీటర్ పెట్టి, వంటకు ముందూ వంటప్పుడూ చూడండి. వంట వేళే తేడా పెరిగితే తప్పు చోటుదే. రోజంతా తేడా ఉంటే డక్టులనూ ఇన్సులేషన్‌నూ అనుమానించాలి.

ప్రస్తుతానికి ఫ్యాన్‌ను ‘ఆటో’ నుంచి ‘ఆన్’కు మార్చండి, గాలి కొంత కలుస్తుంది. పెద్దవాళ్ల గదిలో వెంట్‌కు మంచం అడ్డు లేకుండా చూడండి. మీ థర్మోస్టాట్‌కు రిమోట్ సెన్సర్ కలిపే వీలుంటే ఆ గదిలో పెట్టండి, గోడ పగలగొట్టే పనే ఉండదు. చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. థర్మోస్టాట్ వెనక వైర్లు వచ్చే రంధ్రంలోంచి గోడలోని గాలి తగిలి దాని రీడింగ్ తప్పవచ్చు. బ్రేకర్ ఆపి, ఆ రంధ్రాన్ని పుట్టీతో మూయండి.

థర్మోస్టాట్ చోటే మార్చాలంటే ఇంటి లోపలి గోడకు, సుమారు 5 అడుగుల ఎత్తులో పెట్టించండి. ఆ పని టెక్నీషియన్‌కే వదిలేయండి. ఫర్నేస్ నిమిషాల్లోనే ఆగి మళ్లీ వెలుగుతున్నా అతన్ని పిలవండి. గ్యాస్ వాసన వచ్చినా, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా వెంటనే అందరూ బయటికొచ్చి 911కు ఫోన్ చేయండి.